నూట పన్నెండో పేజీ

“పోయిన ఏడాది గూడా ఇదే కదా వదినా నువ్వు చెప్పింది?” అంది అర్చన, ఒబ్బట్టు మీద ఇంకో చెంచా నెయ్యి వేయించుకుంటూ.

మమత నెయ్యి గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. జనవరి ఒకటో తారీఖు మధ్యాహ్నం. కాటన్‌పేటలో కింద అగరుబత్తీల హోల్‌సేల్ దుకాణం, పైన కాపురం. ఏటా ఆ రోజు ఊరి అవతలి కొసనున్న హూడి నుంచి ఆడపడుచు అర్చన భోజనానికి వస్తుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. ఆ ఆఫీసు అలవాటొకటి తెచ్చి పుట్టింటికి అంటించింది. విస్తరి ముందు కూర్చున్న ప్రతివాళ్ళూ ఈ ఏడాది తమ గోల్ ఏమిటో చెప్పాలి, తను ఫోనులో రాసుకుని కుటుంబం గ్రూపులో పెడుతుంది. మమత మొగుడు గిరిధర్ దినానికి పది వేల అడుగులు నడుస్తానన్నాడు, చక్కెర మానేసి రాగులకు మారతానన్నాడు. కూతురు సౌమ్య సెకండ్ పీయూసీలో, అంటే ఇంటర్ రెండో ఏట, తొంభై అయిదు శాతం అంది. అర్చన హాఫ్ మారథాన్. అత్త లక్ష్మమ్మ, “నాకేమి గోలు అప్పా, మోకాళ్ళు పని చేస్తే సాలు,” అంది. అందరికీ వడ్డించడం అయ్యేలోపు వంతు మమత దాకా వచ్చింది. ఒక పుస్తకం పూర్తిగా చదవల్లా అని ఉండాది, అంది మమత.

“పోయిన ఏడాదేమి, దాని ముందరేడాది గూడా ఇదే,” అన్నాడు గిరిధర్. “ఆ బుక్కు రాసినాయనకు గూడా ఇన్నేండ్లు పట్టి ఉండదు.”

అందరూ నవ్వారు. అందరికంటే ముందు మమతే నవ్వింది. తర్వాత గిన్నెలు సర్దుతున్నప్పుడు తలుచుకుని తలుచుకుని సిగ్గుపడింది అందుకే. వాళ్ళు నవ్వితే నవ్వారు, తనెందుకు నవ్వాలి? సౌమ్య మాత్రం నవ్వలేదు. “పాపం అమ్మ, వదిలెయ్యండి,” అంది. ఆ పాపం అన్న మాట అన్నిటికంటే లోతుగా దిగింది.

ఆ పుస్తకం ఒక కన్నడ నవల. ఆ పేటలో పుట్టిన తెలుగువాళ్ళందరి లాగే మమతకు మాట్లాడ్డానికి తెలుగు, చదవడానికి కన్నడం. పెళ్ళికి వారం ముందు కాలేజీ లైబ్రరీ నుంచి తెచ్చుకుంది. తిరిగి ఇవ్వలేదు, అదొక సిగ్గు. నాలుగు వందల ముప్పై పేజీలు. నూట పన్నెండో పేజీలో అప్పటి బస్సు టికెట్టు ఇంకా ఉంది. అక్కడ ఆ నవలలో అమ్మాయి ట్రంకుపెట్టె పక్కన పెట్టుకుని రైల్వే ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంటుంది. రైలు కూత వినిపిస్తుంది. ఎక్కుతుందా, ఎక్కదా? పందొమ్మిదేళ్ళుగా మమతకు తెలియదు. ఆపిన చోటు నుంచి చదవొచ్చు కదా అని మీరనుకుంటారు. చదవొచ్చు. కానీ ఏటా జనవరికి ఆ పాత్రల పేర్లు, ఎవరు ఎవరి అన్నో, ఎవరికి ఎందుకు కోపమో మరిచిపోతుంది. మళ్ళీ ఒకటో పేజీ నుంచి మొదలుపెడుతుంది. నలభై దాటకుండానే సంసారం ఎక్కడో ఒకచోట చెయ్యి పట్టుకుని లాగుతుంది. మొదటి నలభై పేజీలు మాత్రం ఆమెకు కంఠతా వచ్చు. నిద్రలో లేపి అడిగినా ఒప్పజెప్పేస్తుంది.

ఎందుకు కుదరదని అడిగితే చెప్పడానికి పెద్ద కారణం ఒక్కటీ లేదు, అదే వచ్చిన చిక్కు. ఎవరూ కొట్టరు, తిట్టరు, పుస్తకం లాక్కోరు. గిరిధర్ పది వేల అడుగులు నడవాలంటే రాత్రే మెంతులు నానబెట్టాలి, పొద్దున్నే ఆ నీళ్ళు వడగట్టివ్వాలి, తడిసిన బనియను వెంటనే నానవెయ్యాలి, అందరికీ ఇడ్లీ అయితే ఆయనొక్కడికీ రాగి దోసె పొయ్యాలి. సౌమ్య తొంభై అయిదు తెచ్చుకోవాలంటే పక్కన మెలకువగా ఒక మనిషి కూర్చోవాలి, ఊరికే కాదు, మజ్జిగ గ్లాసుతో. అత్త మోకాళ్ళకు పూటపూటా నూనె కాచాలి. ఇంట్లో నాలుగు గోల్స్ ఉంటే మూడింటికి కాళ్ళూ చేతులూ మమతవే. పదకొండు నుంచి మూడు దాకా కింద దుకాణం వెనక గదిలో కూర్చుని అగరుబత్తీ కట్టలకు లేబుళ్ళు అంటిస్తుంది. “అంగట్లో నలుగురు పనోళ్ళు, నేను,” అని చెబుతుంటాడు గిరిధర్ వచ్చిన బేరగాళ్ళతో. ఆ నలుగురిలో మమత లేదు, ఆ నేనులోనూ లేదు.

నాలుగో తారీఖు ఆదివారం. పొద్దున ఆరు గంటలకు స్టౌ మీద పాలు పెట్టి, మూడు నిమిషాలు కదా అని హాల్లో కుర్చీ అంచున కూర్చుని పుస్తకం తెరిచింది. ముప్పై ఎనిమిదో పేజీ. పాలు పొంగి మంట ఆరిపోయింది. గ్యాసు వాసన హాల్లోకి వచ్చేదాకా మమతకు తెలియలేదు. అత్త కేకకు ఉలిక్కిపడి లేచేసరికి, వాకింగుకు మెట్లు దిగబోతున్న గిరిధర్ బూట్లతోనే వంటింట్లోకి పరిగెత్తి సిలిండరు ఆపాడు.

“ఇల్లు తగలబడి పోతాండినా నువ్వు పేజీ తిప్పుతానే ఉంటావేమో!” అన్నాడు. పెద్దగా అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది, ఎదురు అరవడానికో ఏడవడానికో వీలయ్యేది. పక్క గదిలో సౌమ్య నిద్రపోతోంది. తప్పు తనదే, దానికి ఇంకెవరినీ అనడానికి లేదు. స్టౌ తుడుస్తుంటే అట్టకట్టిన పాల మీద గోరు గీరుకుని మంట పుట్టింది. ఆ మంటలోంచే వచ్చిందో ఎక్కణ్ణుంచి వచ్చిందో గానీ, నోట్లోంచి ఒక మాట వచ్చేసింది.

“అత్తా, నేను మండల పూజ పట్టుకుంటా. నలభై ఎనిమిది దినాలు. పొద్దున ఆరు నుంచి ఏడు దాకా.”

లక్ష్మమ్మ కోడలి ముఖంలోకి మామూలుకంటే కొంచెం ఎక్కువసేపే చూసింది. “ఎవురి కోసరం?”

“ఇంటి కోసరమే.”

“మంచిది. తలుపేసుకో. నేను గూడా తలుపేసుకోనే చేస్తా ఉంటి.”

మరునాడు సోమవారం. ఆరింటికి తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, పట్టుబట్టలో చుట్టిన పుస్తకం కొంగు కింద పెట్టుకుని, మమత దేవుడి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తలుపుకు వరసగా చిన్న చిన్న ఇత్తడి గంటలు. అవి మోగి ఊరుకున్నాయి. ఇక ఎవరైనా పిలుస్తారని చూసింది. అయిదు నిమిషాలు, పది నిమిషాలు. బయట గిరిధర్ గొంతు, “ఏయ్ సౌమ్యా, టీవీ తగ్గించు, అమ్మ పూజలో ఉండాది,” అనడం వినిపించింది. కుక్కరు కూసింది. ఎవరో ఆపారు. గ్యాసు సిలిండరు వాడు వచ్చి కింద కేకేశాడు, ఎవరో మెట్లు దిగారు. పాలు ఎవరో కాచారు. గిరిధర్ తన కాఫీ తనే కలుపుకున్నాడు, పందొమ్మిదేళ్ళలో మొదటిసారి. డబ్బాల మూతలు తీసి తీసి చక్కెర వెతికిన చప్పుడు వినిపించింది. మానేసిన చక్కెరే అది, పోనీలే. దేవుడు పిలిస్తే వీళ్ళందరికీ అన్నీ చేతనవుతాయి. మమతకు సంతోషం కలగలేదు. ఏదో దొంగిలించి దొరకకుండా బయటపడిన వాళ్ళకు ఉండే గుండెదడ కలిగింది. దీపం వెలిగించి, పటాల వైపు చూడకుండా, గోడకు ఆనుకుని పుస్తకం తెరిచింది.

ఆ గోడకు, కూర్చున్న మనిషి తల ఎత్తున, అరచేతి వెడల్పు జిడ్డు మరక ఒకటి ఉంది. ఎన్ని దీపావళులకు సున్నం కొట్టించినా నెల తిరిగేసరికి పైకి తేలుతుంది. దీపం నూనె అనుకునేది మమత. ఇప్పుడు తన తల సరిగ్గా అక్కడే ఆనింది.

బయటివాళ్ళకు నమ్మకం కలగడానికి పదిహేను నిమిషాలకోసారి గంట కొట్టాలి కదా. అధ్యాయం అయినప్పుడల్లా కొట్టేది. కథ మరీ జోరు మీదుంటే మరిచిపోయేది, తర్వాత గుర్తొచ్చి రెండుసార్లు కొట్టేది. దేవుడు అంతా చూస్తున్నాడని తెలుసు. పేజీ తిప్పే ముందు మనసులో ఒక దండం పెట్టుకునేది. క్షమించమని అడగడానికి కూడా నామోషీగా ఉండేది, ఎందుకంటే రేపు మళ్ళీ ఇదే చేస్తుంది. తెలిసి చేసే తప్పుకు క్షమాపణ అడిగితే అది ఇంకో అబద్ధం.

పదకొండో రోజు నూట పన్నెండో పేజీ వచ్చింది. బస్సు టికెట్టు తీసి పక్కన పెట్టింది. ప్లాట్‌ఫారం, ట్రంకుపెట్టె, కూత. రైలు వచ్చింది, ఆగింది, కదిలిపోయింది. ఆ అమ్మాయి ఎక్కలేదు. అలా అని ఇంటికీ వెళ్ళలేదు. అక్కడే బెంచీ మీద కూర్చుని, ప్రయాణానికి కట్టుకున్న చిత్రాన్నం మొత్తం ఒక్కతే తినేసింది. రెండు పేజీలు వరసగా తినడమే, ఒక్కొక్క వేరుశనగ గింజా ఏరుకుని మరీ. మమతకు పక్కున నవ్వొచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. చేతికందిన గంట తీసుకుని గణగణ గణగణ కొట్టేసింది.

ఆ రోజు నుంచి పేరు మోగిపోయింది. ఎదురింటావిడ మెట్ల మీద ఆపి, “పొద్దున మీ గంట వింటే మాకే నెమ్మదిగా ఉంటుందమ్మా,” అంది. గిరిధర్ షుగరు టెస్టులో అంకెలు తగ్గాయి. “నడకేమిటికి పనికొస్తాదప్పా, అంతా మా ఇంటామె పూజ,” అని దుకాణానికొచ్చిన వాళ్ళందరికీ చెప్పాడు. ఆ మాటకు ఆమె ముఖం ఎర్రబడితే వినయం అనుకున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నలుగురిలో ఆమెను మెచ్చుకున్నది అదే మొదలు, అదీ ఆమె చెయ్యని పనికి. చేసిన పనులు ఎప్పుడూ గుర్తుకు రాలేదు కదా అని ఒక మూల కోపం వచ్చేది. వెంటనే ఆ కోపం మీద సిగ్గు వచ్చి కూర్చునేది, అబద్ధమాడుతూ కోపమెందుకని. జనవరి ఆఖర్లో నాలుగు రోజులు బయట ఉండాల్సి వచ్చింది. పుస్తకం దేవుడి అలమరలో ఉండిపోయింది. గదిలోకి అడుగుపెట్టి తీసుకుంటే ఎవరు చూస్తారు? అయినా పెట్టలేదు. లేని వ్రతానికి ఉన్న మైల పాటించానని తర్వాత తనకే చిత్రంగా అనిపించింది. అయిదో రోజు తలంటుకుని ఆపిన చోట మళ్ళీ మొదలుపెట్టింది. సౌమ్య ఒకరోజు జడ వేయించుకుంటూ అంది, “పెండ్లయినాక నేను గూడా ఇట్లాంటి పూజ ఒకటి పట్టుకుంటానమ్మా. గంటసేపు ఎవురూ పిలవరు కదా.” మమత చెయ్యి జడ మధ్యలో ఆగిపోయింది. తర్వాత రిబ్బను కట్టేసింది.

ఇదంతా ఇంటి గుట్టు. మోసపోయింది ఇంటివాళ్ళే, వాళ్ళ దగ్గర దొంగిలించిన గంట తనదే అని ఏదో ఒక సమాధానం చెప్పుకోవచ్చు. ఆదెమ్మ వచ్చి ఆ సమాధానం కూడా లేకుండా చేసింది.

ఆదెమ్మ గిన్నెలు తోమి ఇల్లు తుడవడానికి వస్తుంది. కదిరి దగ్గర పల్లె. మొగుడు కట్టడం పనిలో ఉంటాడు, ఉంటే ఉంటాడు లేకపోతే లేదు. కూతురు ప్రియాంక పదో తరగతి. ఫిబ్రవరి మొదట్లో ఒక పొద్దున మూరెడు మల్లెపూలు ఆకులో చుట్టుకుని వచ్చింది.

“యమ్మా, మా పాపకు పరీచ్చలు ఉండాయి. బడిలో ముందుగా పెట్టేటివి. దాంట్లో తప్పితే సదువు మానిపిచ్చి నాతో పాటు ఇండ్ల పనికి తోలుతానంటాడు వాళ్ళ నాయన. నువ్వు లోపల కూసున్నప్పుడు దాని పేరు సెప్పి రెండు పూలు ఎయ్యమ్మా. నీ పూజ శానా గట్టిదంట కదా.”

వద్దనడానికి నోరు తెరిచింది మమత. వద్దని ఏం చెప్పాలి? పూజ లేదని చెప్పాలి. అప్పటికి రెండు వందల అరవయ్యో పేజీ. “ఇటియ్యి,” అంది. ఆ రోజు ఏడు దాకా పుస్తకం తెరవలేకపోయింది. పటాల ముందు పూలు పెట్టి ప్రియాంక పేరు చెప్పింది. నిజంగానే చెప్పింది, కళ్ళు మూసుకుని. ఆ మర్నాడు మళ్ళీ మూరెడు పూలు, ఆ మర్నాడు మళ్ళీ. ఫిబ్రవరిలో మల్లెపూలు ఎంత ఖరీదో కాటన్‌పేటలో ఎవరినడిగినా చెబుతారు. పేరు చెప్పేది, పూలు పెట్టేది, తర్వాత పుస్తకం తెరిచేది. మల్లెల వాసనలో చదివిన ఆ పేజీల్లో ఏముందో మమతకు ఇప్పటికీ సరిగ్గా గుర్తులేదు.

నలభై మూడో రోజు ఏడింటికి తలుపు తీసేసరికి గడప దగ్గర ఆదెమ్మ. ఏమైందో అర్థమయ్యే లోపల వంగి మమత రెండు కాళ్ళూ పట్టుకుంది. “పాసయిండాదమ్మా! అన్నిట్లోనూ పాసయిండాది! నీ చలవే.” నాలుగిళ్ళ గిన్నెలు తోమి గరుకైపోయిన అరచేతులు. ఆ గరుకు పాదాల మీద తగులుతుంటే మమతకు వెనక్కి జరగడానికి కూడా కాళ్ళు రాలేదు. గిరిధర్ హాల్లోంచి గర్వంగా చూస్తున్నాడు. భూమి చీలితే బాగుండునని ఎవరైనా అంటే ఊరికే అంటారనుకునేది. నిజంగానే అనిపిస్తుందని అప్పుడు తెలిసింది.

ఆ మధ్యాహ్నం దుకాణానికి దిగలేదు. తలనొప్పి అని చెప్పి పంపింది. వంటింటి గడప దగ్గర అత్త కూర్చుని నానబెట్టిన అనపగింజలు పితుకుతోంది. ఆ ఏటికి ఆఖరి అనపకాయలు. మమత వెళ్ళి ఎదురుగా కూర్చుని తనూ ఒక గుప్పెడు తీసుకుంది. వేళ్ళ మధ్య నొక్కితే తొక్క ఒకవైపు, పప్పు ఒకవైపు జారుతున్నాయి. పది గింజలయ్యాక, తలెత్తకుండా చెప్పింది. “అత్తా, నేను చేస్తా ఉండేది పూజ కాదు. లోపల కూర్చోని ఆ నవల చదువుకుంటా ఉండా.”

“తెలుసు,” అంది లక్ష్మమ్మ.

“ఏమి తెలుసు?”

“మంత్రం చెప్పేవాళ్ళు మధ్యలో పక్కుమని నవ్వరు.”

మమత చేతిలో గింజలు గిన్నెలో కాకుండా తొక్కల్లో పడ్డాయి. అత్త వాటిని ఒక్కొక్కటే ఏరి గిన్నెలో వేసింది. తర్వాత గొంతు తగ్గించింది, ఇంట్లో ఇంకెవరూ లేకపోయినా.

“నేను చదువుతా ఉండలేదు. నాకు చదువెక్కడిది? నేను నిద్రపోతా ఉంటి.”

“ఎక్కడ?”

“ఆడనే. దేవునింట్లో.” అత్త వేళ్ళు పని ఆపలేదు. “అప్పట్లో ఇంట్లో పదకొండు మంది. అంగడి పనోళ్ళకు గూడా తిండి ఈడనే. నాలుక్కు లేస్తే పండుకునేసరికి పదకొండు. పగలు నడుం వాలిస్తే మా అత్త వచ్చి కాలితో చాప కదిలిస్తా ఉండె. నీ మొగుడు కడుపులో ఉన్నప్పుడు మొదలుపెట్టినా. సోమవారాలంటి, శుక్రవారాలంటి, మండలమంటి. ఈ పేటలో నేను పట్టని వ్రతం లేదు. తలుపేసుకోని, గంట చేతిలోనే పెట్టుకోని, గోడకు తల ఆనించి నిద్ర. మెలకువ వచ్చినప్పుడు ఒకసారి కొట్టేది. లక్ష్మమ్మ అంత భక్తి ఎవురికీ లేదని పెండ్లిండ్లలో నాతోనే ముందు పసుపు దంపిస్తా ఉండిరి.”

గోడ మీద ఆ జిడ్డు మరక మమత కళ్ళ ముందుకు వచ్చింది. దీపం నూనె కాదది. తలనూనె. ముప్పై ఏళ్ళు ఒకే చోట ఆనిన తల.

“నాకెప్పుడూ చెప్పలేదే అత్తా?”

“సిగ్గు.” లక్ష్మమ్మ మొదటిసారి తలెత్తింది. “దేవుని ముందర నిద్రపోయిన ముండ నేనొక్కదాన్నే అనుకుంటి. ఎవురితో చెప్పేది?”

ఆ కళ్ళల్లో నీళ్ళు లేవు గానీ, డెబ్బై మూడేళ్ళ ముఖం చిన్నపిల్ల ముఖంలా ఎర్రబడింది. మమతకు అత్త మీద ఎన్నడూ లేనంత ప్రేమ వచ్చింది. ఆ వెనకే కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. నిద్రపోయినందుకు ముప్పై ఏళ్ళు ఈమె సిగ్గుపడింది. చాప కదిలించిన కాలు సిగ్గుపడలేదు. పదకొండు మందిలో ఒక్కరూ సిగ్గుపడలేదు.

“ఇంక అయిదు దినాలే కదా ఉండేది,” అంది లక్ష్మమ్మ, మళ్ళీ గింజల మీదికి వంగి. “సుమ్మనే, ఊరికే ముగించెయ్. ఆ బుక్కు అయినాక ఇంకోటి తెచ్చుకో. ఇంకో వ్రతం పట్టుకో. నేను ఉండాను కదా, చూసుకుంటా.”

ఎంత మంచి మాట. అత్త నోట అలాంటి మాట కోసం ఎంతమంది కోడళ్ళు కాచుకుని ఉంటారు. మమతకు ఒక్క క్షణం సరే అనాలనిపించింది కూడా. ఇంకొక వ్రతం, ఇంకొక పుస్తకం. ఆ తర్వాత సౌమ్య, ఏ ఇంట్లోనో, ఏ గోడకో తల ఆనించుకుని, చేతిలో గంట పెట్టుకుని. ఎవురూ పిలవరు కదా అమ్మా. ఆదెమ్మ అరచేతుల గరుకు పాదాల మీద ఇంకా ఉన్నట్టే ఉంది. మమత గిన్నె నిండేదాకా గింజలు పితికి లేచింది.

మరునాడు ఆరుకు పది నిమిషాలు తక్కువ. ఆదెమ్మ ఆకుపొట్లంతో మెట్లెక్కి వస్తుంటే సగం మెట్ల దగ్గరే ఎదురెళ్ళి చెప్పేసింది. నేను పూజ చెయ్యలేదు ఆదెమ్మా, పాప పేరు చెప్పి పూలు పెట్టిన మాట నిజం, అంతకుమించి అంతా అబద్ధం, గంటసేపు కథల బుక్కు చదువుకున్నాను, తప్పయింది. చెబుతుంటే తన గొంతు తనకే ఎవరిదో అనిపించింది.

ఆదెమ్మ ముఖంలో రంగు పోయింది. పొట్లం వైపు చూసుకుంది. “పూలు దినామూ కొనే తెచ్చినాను కదమ్మా,” అంది మెల్లగా. మమత తల వంచుకుని నిలబడింది. కింద వీధిలో ఆటో ఒకటి రివర్సు తీసుకుని వెళ్ళిపోయింది. అప్పుడు ఆదెమ్మ ఏదో లెక్క తేలినట్టు కళ్ళు పైకెత్తింది.

“అట్లయితే మా పాప దానంతట అదే పాసయిండాదా?”

“అవును. తనంతట తనే.”

ఆదెమ్మ పొట్లం విప్పి, ఆ మూరెడు పూలూ తన కొప్పులోనే తురుముకుంది. క్షమించానని అనలేదు. మమతను దాటుకుని గిన్నెల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆరు కొట్టింది. మమత దేవుడి గదిలోకి వెళ్ళి దీపం వెలిగించి, దండం పెట్టుకుని, పటాల వైపు సూటిగా చూసి, పుస్తకం తీసుకుని రెండు నిమిషాల్లో బయటికి వచ్చింది. గంటల తలుపు వెయ్యకుండా వదిలేసింది. స్టౌ మీద పాలు పెట్టి, హాల్లోకి వచ్చి గడియారం కింద కుర్చీలో, అంచున కాదు, వెనక్కి జారి కూర్చుంది. వాకింగుకు బూట్లు వేసుకుంటున్న గిరిధర్ ఒక కాలి బూటుతో ఆగిపోయాడు.

“ఏమి, ఈ పొద్దు పూజ లేదా?”

“ఏ పొద్దూ లేదప్పా. నలభై మూడు దినాలు లోపల ఇదే చదువుకుంటా ఉంటి. పూజ అంటేనే మీరు పిలవరని అట్ల చెప్పినా. అబద్ధం చెప్పినందుకు నాకు సిగ్గుగా ఉండాది. ఇంక ఈడనే చదువుకుంటా. ఆరు నుంచి ఏడు దాకా.”

“దేవుని పేరు చెప్పి ఇంట్లోవాళ్ళనంతా…” గిరిధర్ రెండో బూటు కింద పడేశాడు. “అమ్మా! వింటివా, నీ కోడలు ఏమి చేసిండాదో?”

లక్ష్మమ్మ తన గదిలోంచి వచ్చింది. కొడుకును చూసింది, కోడలిని చూసింది, తెరిచి ఉన్న దేవుడి గదిని చూసింది. నడిచి వెళ్ళి, హాల్లో అందరూ కూర్చునే దివాన్ మీద, పొద్దుటి పనుల వేళ, కొడుకు ముందు, కాళ్ళు బారజాపి పడుకుని కళ్ళు మూసుకుంది. సౌమ్య పుస్తకాలతో గుమ్మంలోకి వచ్చి, అమ్మనూ నానమ్మనూ చూస్తూ నిలబడిపోయింది.

మమత నాలుగు వందల రెండో పేజీ తెరిచింది. అక్షరాలు ఆడుతున్నాయి, ఒకే వాక్యం మూడుసార్లు చదివినా లోపలికి వెళ్ళలేదు. సిగ్గుతో చెవులు కాలుతున్నాయి. దేవుడి గదిలో ఏ రోజూ ఇంత సిగ్గు వెయ్యలేదు. అందరి కళ్ళ ముందు, చేతిలో వాళ్ళ పని ఏదీ లేకుండా, ఊరికే కూర్చోవడం ఇంత కష్టమని తెలియదు. లేచి వెళ్ళిపోతే ఈ మంట చల్లారుతుంది. లేవలేదు.

వంటింట్లోంచి పాల వాసన వచ్చింది.

“మమతా, పాలు!” అని కేక పెట్టాడు గిరిధర్. “పాలు పొంగుతాండాయి!”

“అవును, పొంగుతాండాయి,” అంది మమత, తలెత్తకుండా పేజీ తిప్పుతూ.